ముడిపడ్డ నవ్వులు

హిమజ కంప్యూటరు తెరిచి చూసినవాళ్ళెవరైనా ఆ అమ్మాయికి కొత్తగా పెళ్ళయిందని ఇట్టే చెప్పేసేవాళ్ళు. తెర మీద ఈ చివరి నుంచి ఆ చివరిదాకా లింకులే. తెల్ల చీర మీద పసుపు మరక ఎలా పోతుంది, ములక్కాడ ముక్క చితక్కుండా పులుసు ఎలా పెట్టాలి, ఓడరేవు దీపాలు కొండ మీంచి ఏ వేళప్పుడు బాగుంటాయి, నిద్రలో పళ్ళు కొరికే మగవాళ్ళకు మందేమిటి. ఒక్కటీ మూసేది కాదు. మూస్తే ఆ ముచ్చట ఎక్కడ జారిపోతుందోనని భయం. అలాగని దాచిన చోటు గుర్తుండేదీ కాదు. కావలసినప్పుడు ఒక్కటీ దొరక్క, మళ్ళీ మొదటి నుంచి వెతుక్కునేది.

ఇలాంటివాళ్ళ కోసమే "పొది" పుట్టింది. విశాఖపట్నంలో, మధురవాడ దాటాక కొండవాలులో ఉన్న చిన్న ప్రయోగశాలలో హిమజతో కలిపి పట్టుమని పదిమంది లేరు. వాళ్ళందరికీ పెద్ద రుక్మాంగదరావు గారు. లింకులూ ఫోటోలూ ఫైళ్ళూ దాచుకునే సాధనాలు లోకంలో బోలెడున్నాయి, కానీ దాచమని మీట నొక్కాల్సింది మనిషే, అక్కడే వచ్చింది చిక్కంతా అనేవారాయన. పనికిరానివన్నీ దాస్తాం, మనసుకు పట్టినదాన్ని వదిలేస్తాం. అందుకని ఆయన మీటను తీసేసి ఉంగరం పెట్టారు. వేలికి తొడుక్కుంటే అది నాడిని, చర్మం వెచ్చదనాన్ని కనిపెట్టుకుని ఉంటుంది. ఒంట్లో సంతోషం పుట్టగానే ఉంగరం మీద ఆవగింజంత పచ్చ దీపం మిణుక్కుమంటుంది. ఆ క్షణాన ఫోన్లో తెరిచి ఉన్న లింకో, వినబడుతున్న మాటో, ఎదురుగా కనబడుతున్న దృశ్యమో పొదిలో చేరిపోతుంది. సర్దే పని కూడా దానిదే.

పెళ్ళి సెలవు ముగించుకుని వచ్చిన వారంలోనే హిమజ పొదికి తన వంతుగా ఒక నియమం రాసింది. రెండు ఉంగరాలు ఒకే చోట, ఒకే క్షణాన వెలిగితే, ఆ రెంటినీ కలిపి ముడి వేయాలి. ముడి పడగానే ఇద్దరి ఫోన్లకూ లింకు వెళ్ళాలి. లింకు తెరిస్తే అవతలివాళ్ళకు కలిగింది ఎలాంటి సంతోషమో కూడా కనబడాలి. పైకి పరిశోధన అంది గానీ, భర్త శివాజీ, తనూ ఒకేసారి మురిసిపోయిన క్షణాలన్నీ ఒక్కచోట చూసుకోవాలన్నదే ఆమె ఆశ. శివాజీ ఓడరేవులో క్రేన్ల మరమ్మతు ఇంజనీరు. గ్రీజు అంటుతుందని వంక పెడుతూనే ఉంగరం తొడుక్కున్నాడు. ప్రయోగశాలలో అందరి పొదులూ కుటుంబాల ఎదుట విప్పే రోజు ఒకటి పెట్టుకున్నారు, అప్పటిదాకా ముడుల లింకులు ఇద్దరం తెరవకూడదని అతని చేత ఒట్టు వేయించుకుని, తన ఫోన్లో వాటి చప్పుడు కూడా ఆపేసింది. కానుక పొట్లాన్ని ముందే చింపి చూడటం ఆమెకు ఇష్టముండదు.

రెండు ఉంగరాలంటే మొగుడూ పెళ్ళాల ఉంగరాలేనని ఆ నియమంలో ఎక్కడా రాయలేదు. అప్పట్లో ఆమెకు లోకంలో ఉన్నవి రెండే ఉంగరాలు.

సంతోషంలో రకాలున్నాయని తెలిసింది మాత్రం కుర్చీ వల్ల. ఒక మధ్యాహ్నం రుక్మాంగదరావు గారు మాట్లాడుతూ మాట్లాడుతూ వెనక్కి వాలేసరికి కుర్చీ కాలు విరిగి, ఆయన టీ కప్పుతో సహా కిందపడ్డారు. గదిలో ఉంగరాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. ఆయన లేచి, ప్యాంటు కూడా దులుపుకోకుండా తెర దగ్గరికి వెళ్ళారు. పసిపిల్లను చూసినప్పుడు మెల్లగా లేచి మెల్లగా దిగే నాడి గీత, ఇప్పుడు నిటారుగా లేచి టపీమని పడిపోయింది. వేళ్ళలో వెచ్చదనం పెరగడానికి బదులు తగ్గింది.

"నేను పడితే మీకెంత ఆనందమో చూశారా" అన్నారాయన టీ కారుతున్న చొక్కాతో.

ఎదుటివాళ్ళు నవ్వులపాలైతే పుట్టే ఆ రకానికి పేరు పెట్టాల్సి వచ్చింది. హిమజ పక్క సీటు తబస్సుమ్ "లోకువ" అని పెడదామంది. మిగతావాటికి మురిపెం, ఊరట, గర్వం అని అప్పటికే పేర్లున్నాయి. లోకువ కూడా వాటి పక్కన చేరింది. ఆ రోజు హిమజ కడుపు పట్టుకుని నవ్వింది. అది తనకు ఎప్పుడైనా తగిలే మాటని అనుకోలేదు.

ఇంట్లో ఉండేది ముగ్గురు. పెదవాల్తేరులో మూడో అంతస్తు వాటా. అత్తగారు సూరీడమ్మ ఆడపిల్లల హాస్టల్లో వంట చేసి రిటైరైన మనిషి. బొబ్బిలి దగ్గర పుట్టింది, మాటలో ఆ యాస చెక్కుచెదరలేదు. విజయవాడలో పుట్టి పెరిగిన హిమజకు మొదటి రోజుల్లో ఆ మాట సగమే అర్థమయ్యేది. ఆ రోజుల్లోనే, అమ్మ గుర్తొచ్చినప్పుడల్లా, స్నానాల గదిలో కుళాయి తిప్పి నీళ్ళ చప్పుడు మాటున కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని నవ్వుతూ బయటికొచ్చేది. ఆ సంగతి శివాజీకి కూడా తెలియదు.

తర్వాత తర్వాత ఏడవాల్సిన పని లేకపోయింది, సూరీడమ్మ వల్లనే. బట్టల మిషను ఉతకడం అయిపోయాక చిన్న పాట పాడుతుంది. ఆ పాట మొదలవగానే సూరీడమ్మ వంటింట్లోంచి "వొస్తన్నానే, ఉండు" అని దానికి బదులు చెప్పేది. లిఫ్టులో ఆడగొంతు తలుపులు తెరుచుకుంటున్నాయని చెబితే తల ఊపి దండం పెట్టేది. వీడియోలో మాట్లాడితే నుదురూ, పైన తిరిగే ఫ్యానూ తప్ప ఇంకేమీ కనబడేది కాదు. చుట్టాలంతా ఫ్యానుతోనే యోగక్షేమాలు మాట్లాడేవారు. పొద్దున్నే కాఫీ కంటే ముందు ఇంటిల్లిపాదికీ లింకులు పంపేది. పాదాలకు నిమ్మచెక్క రుద్దితే వచ్చే లాభాలు, ఆవు దూడను ముద్దాడిన కుక్క, గ్యాస్ ఆదా చేసే కిటుకు. పంపిన వెంటనే పక్కగదిలోంచి కేకేసి అడిగేది.

"అమ్మీ, లింకు కొట్టేను. తగిలిందా?"

హిమజ వేలి మీద పచ్చ దీపం మిణుక్కుమనేది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆమె తన పొదిలోంచి ఇవన్నీ ఏరి, "సిత్రాలు" అని పేరు పెట్టి, తబస్సుమ్‌కు పంపడం మొదలుపెట్టింది. ఒక్కోదానికి కింద తన గొంతుతో అత్తగారి యాసను అనుకరిస్తూ ఒక ముక్క చేర్చేది. తబస్సుమ్ పడీ పడీ నవ్వేది. ప్రయోగశాలలో టీ వేళకు కొత్త సిత్రం లేకపోతే అందరికీ వెలితిగా ఉండేది. ఇందులో తప్పేముంది, ముద్దుగానే కదా నవ్వుకుంటున్నాం అనుకునేది హిమజ. నిజంగానే అలా నమ్మింది.

ఒకరోజు సూరీడమ్మ తనకూ ఒక ఉంగరం ఇప్పించమని అడిగింది. మీరిద్దరూ చేతులు మెరిపించుకుంటూ తిరుగుతున్నారు, నేనొక్కదాన్నే బోసివేళ్ళతో ఉన్నానంది. హిమజ మర్నాడే తెచ్చి తొడిగింది. కొత్త సిత్రాలు పుట్టుకొస్తాయని లోపల ఒకటే హుషారు. సూరీడమ్మ చెయ్యి చాపి, దీపానికి ఎదురుగా పట్టుకుని, వేళ్ళు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఆ చూసుకోవడం కూడా సిత్రాల్లో చేరింది.

పొదులు విప్పే రోజుకు ముందు, తెర మీద చూపించాల్సినవి సిద్ధం చేసే పని హిమజ మీద పడింది. తన పొదిని ఆఖరికి ఉంచుకుంది, ఇష్టమైన ముక్కను విస్తరిలో చివరికి మిగుల్చుకున్నట్టు. శివాజీతో పడ్డ ముడులు చూసి మురిసిపోవాలని పేజీ తెరిచింది. అవి ఉన్నాయి, బాగానే ఉన్నాయి: సముద్రపు ఒడ్డున ముంత మసాలా, కరెంటు పోయిన సాయంత్రం, పళ్ళు కొరకడం మీద పరాచికాలు. కానీ వాటికి ఎన్నో రెట్లు ముడులు మరో ఉంగరంతో పడి ఉన్నాయి. పేజీ కిందికి జరుపుతున్న కొద్దీ వస్తూనే ఉన్నాయి. ఆ ఉంగరం సూరీడమ్మది.

మొదట ఆమెకు ముచ్చటేసింది. అత్తా కోడలూ ఇన్నిసార్లు ఒకేసారి సంతోషించారా అనుకుంది. ఒకటి తెరిచింది. బట్టల మిషను పాట, "వొస్తన్నానే, ఉండు", వెనకే తన నవ్వు. సూరీడమ్మ ఉంగరం దాచుకున్నది మిషను పాటను కాదు, ఆ నవ్వును. తలుపు సందులోంచి కనబడుతున్న కోడలి మొహాన్ని, తల వెనక్కి వాల్చి నవ్వుతున్న మొహాన్ని దాచుకుంది. కింద రెండు మాటలున్నాయి.

సూరీడమ్మకు: మురిపెం. హిమజకు: లోకువ.

ఇంకోటి తెరిచింది. లిఫ్టు. మురిపెం, లోకువ. ఫ్యాను. మురిపెం, లోకువ. లింకు తగిలిందా అన్న ప్రతి పొద్దూ అంతే. ఎక్కడా ఒక్కటి కూడా తారుమారు కాలేదు.

హిమజ చెవులు భగ్గుమన్నాయి. గదిలో ఎవరూ ఆమెను చూడటం లేదు, అయినా తెర వెలుతురు తగ్గించింది. కళ్ళు మూసుకుంటే తన గొంతే, ఆ యాసను సాగదీసి వెక్కిరిస్తున్న గొంతే వినబడింది. రేపు ఇవన్నీ ఇంత పెద్ద తెర మీద, సూరీడమ్మ కూర్చుని చూస్తుండగా వస్తాయి. తీసేయడానికి వీల్లేదు, పొదిలోంచి దేన్నీ తీయకూడదని అందరితో పాటు తనూ ఒప్పుకుంది. మాట మార్చడానికి మాత్రం తాళం తన దగ్గరే ఉంది. నియమం రాసింది తనే కదా.

ఒక్కో ముడి కింద తన పేరు పక్కనున్న లోకువను చెరిపి మురిపెం అని రాసుకుంటూ పోయింది.  అన్నీ పూర్తయ్యాక ఊరట కలుగుతుందనుకుంది. ఉంగరం వెలగలేదు.

మర్నాడు సాయంత్రం ప్రయోగశాల హాల్లో కుర్చీలు వేశారు. సూరీడమ్మ ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, కొడుక్కీ కోడలికీ మధ్యన కూర్చుంది. ఎవరి పొది వాళ్ళు విప్పుతుంటే చప్పట్లు, నవ్వులు, అక్కడక్కడా ఇబ్బందిగా దగ్గులు. ఒకాయన పొదిలో పక్కింటివాళ్ళ కారు చెడిపోయిన దృశ్యం లోకువ కింద బయటపడితే, వాళ్ళావిడ అతని మోచేతిని గిల్లింది. హిమజ వంతు వచ్చింది. ముడులు ఒక్కొక్కటే తెర మీద విచ్చుకున్నాయి. మురిపెం, మురిపెం. మురిపెం, మురిపెం. హాలంతా ఆగకుండా చప్పట్లు కొట్టింది. తబస్సుమ్ ఒక్కతే కొట్టలేదు. తల దించుకుని గాజులు సర్దుకుంటూ కూర్చుంది.

రుక్మాంగదరావు గారు లేచి, ఈ సాధనం ఎందుకు కావాలో ఇంతకంటే గొప్పగా చెప్పలేమన్నారు. పొదిని బయటి ప్రపంచానికి పరిచయం చేసే రోజు మొట్టమొదట చూపించేది ఈ అత్తాకోడళ్ళ ముడులనేనని ప్రకటించారు. శివాజీ మొహం వెలిగిపోయింది. అమ్మ భుజం మీద చెయ్యి వేసి, "చూశావా, నన్ను పక్కన పెట్టేశారు మీరిద్దరూ" అన్నాడు. సూరీడమ్మ తెర వంకే చూస్తోంది. ఆమె వేలి దీపం వెలగకపోవడం హిమజ ఒక్కతే గమనించింది.

శివాజీకి డ్యూటీ ఉండి అటునుంచటే ఓడరేవుకి వెళ్ళాడు. అత్తాకోడళ్ళిద్దరూ బస్సెక్కారు. కిటికీ పక్కన సూరీడమ్మ, ఇవతల హిమజ. బస్సు రుషికొండ దాటింది.

"అమ్మీ, ఆ మాట మార్చీసేవా?" అంది సూరీడమ్మ, కిటికీ లోంచి మొహం తిప్పకుండానే.

ఏ మాట అత్తయ్యా అనబోయింది హిమజ. 

సూరీడమ్మ బొడ్లో సంచీలోంచి ఫోను తీసి, చేయంత దూరాన పట్టుకుని, వేలితో పైకి నెట్టింది. ముడి పడ్డప్పుడల్లా వచ్చిన లింకులు వరసగా ఉన్నాయి. ఏ లింకు వచ్చినా తెరిచి చూసే మనిషి. ప్రతిదాన్నీ తెరిచి చూసింది. ప్రతి దాంట్లోనూ రెండు మాటలు; హిమజ మార్చింది పొదిలోనే, ఫోనుకు చేరినవి ఎప్పుడు ఎలా వచ్చినవి అలాగే ఉన్నాయి.

"ఉంగరం తొడిగిన మర్నాటి నుంచీ వొస్తన్నాయి. లోకువంటే ఇదేదో కంప్యూటరు మాటనుకున్నాను. నాలుగు సూసేక, కాదు, మన మాటేనని తెలిసింది."

"మరి... తెలిశాక కూడా లిఫ్టుకి దండం పెట్టారు. మిషనుతో మాట్లాడారు." హిమజకు తన మాట తనకే వినబడటం లేదు. "ఎందుకత్తయ్యా?"

హాస్టల్లో కొత్తగా చేరిన పిల్లలు మొదటి వారం కంచం ముట్టుకోరని, ఒకళ్ళను చూసి ఒకళ్ళు ఏడుస్తారని చెప్పింది సూరీడమ్మ. వాళ్ళ ముందు ఏదో ఒక తింగరి పని చేసేదట. గరిటెను చెవి దగ్గర పెట్టుకుని హలో అనడం, సాంబారు గిన్నెతో దెబ్బలాడటం. పిల్లలు నవ్వేవారు.

"నవ్వినాక తినీవోరు. ఎందుకు నవ్వేవని నిలదీస్తే కూడు దిగుద్దా? నువ్వూ వొచ్చిన కొత్తలో కుళాయి తిప్పీసుకుని ఏడిసీదానివి. ఆ బకెట్టు పొంగి గుమ్మందాకా నీళ్ళొచ్చీసేవి. నీకు తెలీదేటి?"

హిమజ తల వంచుకుంది. బస్సులో దీపాలు వెలిగాయి. ఒడిలో తన రెండు చేతులూ పరాయివాళ్ళ చేతుల్లా కనబడ్డాయి. అంటే అవన్నీ కావాలనే చేశారా అని అడిగింది. అవునంటే బాగుండునని ఆశ. అవునంటే తన తప్పు సగానికి తగ్గుతుంది.

"కొన్ని" అంది సూరీడమ్మ. "కొన్ని నిజంగానే నాకు రావు. ఏవి ఏవో నీకు సెప్పను."

టిక్కెట్టు కొట్టే అతను వచ్చి వెళ్ళాక మళ్ళీ తనే అంది.

"నవ్వినందుకు కోపం లేదమ్మీ. గొంతు మార్చి నాలాగ మాటాడి ఆ పిల్లకి పంపీదానివి, అది పక్కగదిలోకి ఇనబడీది. దానికి కాస్త బాధేసింది. ఈరోజు దానికంటే ఎక్కువేసింది. ఆ ముడి నాది కూడా కదా. నన్నడక్కుండా మార్చీసేవు."

క్షమించండి అన్న మాట హిమజ నోటిదాకా వచ్చింది గానీ, చప్పట్లు కొట్టించుకుని వచ్చిన నోటితో ఆ మాట అనడానికి ధైర్యం చాల్లేదు. దిగే చోటు వచ్చినప్పుడు సూరీడమ్మే ముందు లేచి, అలవాటుగా కోడలి చెయ్యి పట్టుకుని దించింది. అది మరీ కష్టంగా ఉంది.

సోమవారం ప్రయోగశాలలో టీ వేళకు అందరూ చేరాక, హిమజ నిలబడి జరిగింది చెప్పింది. సిత్రాల సంగతి అందరికీ తెలిసిందే అయినా, వెక్కిరించిన గొంతుతో సహా మళ్ళీ చెప్పింది. మురిపెం అని రాసిన ప్రతిచోటా అందరూ చూస్తుండగానే లోకువ అని తిరిగి రాసింది. తబస్సుమ్ తన దగ్గరున్న సిత్రాలన్నీ తెరిచి, తన ఉంగరం తీసి బల్ల మీద పెట్టింది.

రుక్మాంగదరావు గారు తెర వంక చూశారు. "ఇలాగైతే వీటిని బయట చూపించలేం కదమ్మా" అన్నారు.

"చూపించకండి సార్" అంది హిమజ.

ఆయన సరేనన్నారు. మరి కాసేపటికి, ఎవరినీ చూడకుండా, ఆ రోజు పొదులు విప్పుకుని వెళ్ళిన ఇళ్ళలో కొందరు అప్పుడే ఉంగరాలు వెనక్కి పంపుతున్నారని, తన ఇంట్లోనూ రెండు రోజులుగా మాటల్లేవని చెప్పారు. దాచుకున్నవి చూపించే సాధనం చేద్దామనుకున్నాం, ఒకరి నుంచి ఒకరు దాచినవి చూపించేదాన్ని చేసినట్టున్నాం అని గొణిగారు. 

వెళ్ళేముందు హిమజ తన నియమానికి కింద ఒక వాక్యం చేర్చింది. ఇద్దరి ముడిలో ఏ మాటైనా సరే, ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప మారదు. తాళం ఇక ఒక్కరి దగ్గర ఉండదు. తర్వాత ఉంగరం తీసేసి సొరుగులో పెట్టింది. వేలి మీద తెల్లటి చార మిగిలింది, పక్కనే పెళ్ళి ఉంగరం.

శివాజీకి ఆ సాయంత్రమే చెప్పింది. మా అమ్మ గురించా అని ఒక్కసారే అడిగాడు అతను. రెండు రోజులు అన్నం తిని పళ్ళెం తనే కడుక్కుని పోయాడు. ఆమెకు అది తిట్టు కంటే ఎక్కువే తగిలింది, తగలవలసిందేనని ఊరుకుంది.

ఆదివారం పొద్దున వంటింట్లో సూరీడమ్మ పెసరట్లు పోస్తోంది. హిమజ అల్లం తరుగుతోంది. ఇద్దరి మధ్యా అల్లం ముక్కల చప్పుడు తప్ప ఏమీ లేదు. వెనక బాల్కనీలో బట్టల మిషను పాట మొదలుపెట్టింది.

"వొస్తన్నానే తల్లీ, అట్టు మాడిపోద్ది, ఉండు" అంది సూరీడమ్మ.

హిమజ ఆపుకోలేకపోయింది. నవ్వు వచ్చేసింది. వచ్చాక, అల్లం చేత్తోనే నోరు మూసుకుంది. చెవులదాకా వేడి ఎక్కింది. సూరీడమ్మ ఇప్పుడు కావాలని అందో, అలవాటుగా అందో ఆ మొహంలో ఏమీ తెలియడం లేదు. అట్లకాడ పట్టుకున్న వేలి మీద మాత్రం పచ్చ దీపం ఒక్కసారి మిణుక్కుమంది.

సూరీడమ్మ ఆ దీపాన్ని చూసి, బోసిగా ఉన్న కోడలి వేలిని చూసింది.

"నీ నవ్వు ఇప్పుడు దేంట్లోకెల్లుద్ది?"

"తెలీదత్తయ్యా."

"తెలీకపోతే ఆ బట్టలు తీసి ఆరెయ్యి, ఎల్లు. దాన్ని మరీ అరిపించకు."

హిమజ చేతులు కడుక్కుని బాల్కనీలోకి వెళ్ళింది. మిషను ఇంకా పాడుతూనే ఉంది. మూత తెరిచే ముందు, వంటింట్లోకి వినబడనంత చిన్నగా, "వస్తున్నానే, ఉండు" అంది దానితో, తన సొంత గొంతుతో.